తాకని డాక్టరు, అడగని డాక్టరు

మెడిసిన్ చదువుతున్న మన పిల్లలు కొందరు ఈ మధ్య ఒక మాట అడిగారు. "అన్నా, కాలేజీల ‘గ్లోబల్ హెల్త్ – మానవ హక్కులు’ అని సెమినార్ పెట్టిండ్రు. స్లైడ్లన్నీ జెనీవా, న్యూయార్క్ ముచ్చట్లే. మనోళ్ల గురించి చెప్పాలంటే ఏం చెప్పాలె?"

ఈ వారం భాగం ఆ ప్రశ్నకు జవాబు.

జెనీవా దాకా పోనక్కర లేదు. అల్వాల్‌లో రాజీవ్ రహదారి మీద నిలబడితే చాలు. దక్షిణం దిక్కు పోతే సికింద్రాబాద్, అది దాటితే బేగంపేట. దోమ కడుపులో మలేరియా క్రిమిని ప్రపంచంలో మొదటిసారి చూసిన చోటు అది. ఉత్తరం దిక్కు పోతే హకీంపేట, తూంకుంట, శామీర్‌పేట, తుర్కపల్లి. ప్రపంచానికి టీకాలు పంపే జీనోమ్ వ్యాలీ అక్కడ ఉంది. రెండింటి మధ్య దూరం గంట ప్రయాణం, వందేళ్ల పైచిలుకు కాలం. ఆధునిక వైద్యానికి పేదవాడి ఒంటితో ఉన్న సంబంధం ఏమిటో ఈ ఒక్క రోడ్డు మీద మొదలుపెట్టి చెప్పొచ్చు.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. వైద్యం మన పట్ల రెండు తప్పులు చేసింది. ఒకటి, మనల్ని తాకలేదు. రెండు, తాకినప్పుడు మనల్ని అడగలేదు. మొదటి తప్పును అంటరానితనం అన్నాం, దాని మీద కొట్లాడి చట్టం తెచ్చుకున్నాం. రెండో తప్పుకు మన భాషలో ఇంకా గట్టి పేరు కూడా పెట్టుకోలేదు.

1897

ఆ ఏడాదిని మెడికల్ విద్యార్థులు గుర్తుపెట్టుకోవాలి. బొంబాయిలో, పూణేలో ప్లేగు. ఫిబ్రవరిలో బ్రిటిష్ ప్రభుత్వం ఎపిడెమిక్ డిసీజెస్ యాక్ట్ తెచ్చింది. 2020లో కరోనా వచ్చినప్పుడు మన సర్కార్లు బయటకు తీసిన చట్టం అదే. ఎవరి ఇంట్లోకైనా జొరబడి సోదా చేసే, ఎవరినైనా తీసుకుపోయి వేరుగా ఉంచే అధికారం దాంతో ప్రభుత్వానికి వచ్చింది. రోగికి ఏ హక్కులుంటాయో ఆ చట్టం చెప్పలేదు.

ఆ జనవరిలోనే బొంబాయిలో హాఫ్‌కిన్ అనే శాస్త్రవేత్త ప్లేగు టీకా తయారుచేశాడు. జనవరి 10న ముందు తన ఒంట్లోకే ఎక్కించుకున్నాడు. ఆ తర్వాత బైకల్లా జైలులో ముందుకొచ్చిన ఖైదీలకు వేశారు. తన ఒంటి మీద ముందు చూసుకున్నందుకు ఆయనకు దండం పెట్టొచ్చు. కానీ రెండో వరసలో నిలబడింది ఎవరో గమనించండి. తలుపు తీసుకొని బయటికి పోయే స్వేచ్ఛ లేని మనుషులు.

మార్చి 10న సావిత్రీబాయి ఫూలే చనిపోయారు. ఆమె కొడుకు యశ్వంత్ డాక్టరు. ఇద్దరూ కలిసి పూణే బయట హడప్సర్ దగ్గర ప్లేగు రోగులకు ఆసుపత్రి నడిపారు. ముంఢ్వా మహర్ వాడలో ప్లేగు సోకిన ఒక పిల్లవాణ్ణి ఆమె వీపున వేసుకొని ఆసుపత్రికి మోసుకొచ్చారు. ఆ రోగమే ఆమెకు అంటింది. సావిత్రీబాయిని మనం మొదటి ఉపాధ్యాయురాలిగా తలుచుకుంటాం. ప్రజారోగ్య చరిత్రలో ఆమె పేరు ఎందుకు రాయం? ఊరు ముట్టని పిల్లవాణ్ణి వీపున మోసి, ఆ మోతలోనే ప్రాణం వదిలిన మనిషి ఆమె. నా దృష్టిలో ఈ దేశంలో వైద్య నీతిశాస్త్రం మొదటి పాఠం అక్కడ ఉంది.

ఆగస్టు 20. బేగంపేట. ఇండియన్ మెడికల్ సర్వీస్ డాక్టరు రొనాల్డ్ రాస్ ఒక దోమను కోసి, దాని కడుపు గోడలో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ దోమ ఎవరి నెత్తురు తాగింది? హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిది. దోమలతో కుట్టించుకున్నందుకు ఆయనకు కూలి ఇచ్చారు, దోమకు ఒక అణా చొప్పున. అంతకు రెండేళ్ల ముందు, 1895లో, రోగి నెత్తురు తాగిన దోమలు చచ్చిపడిన నీళ్లను రాస్ కొందరితో తాగించి చూశాడు. నీళ్ల వల్ల మలేరియా వస్తుందేమో తేల్చుకోవాలని ఆ ప్రయోగం. మొదట తాగిన లచ్‌మన్ అనే మనిషికి కొన్నాళ్లకే జ్వరం వచ్చింది.

రాస్ దుర్మార్గుడని నేను అనడం లేదు. ఆయన కనిపెట్టిన దానివల్ల లెక్కలేనన్ని ప్రాణాలు నిలబడ్డాయి. మన అడవి జిల్లాల్లో దోమతెర కింద పడుకునే ప్రతి పిల్లా ఆ ఆవిష్కరణకు రుణపడి ఉంటుంది. నా ప్రశ్న వేరు. కంటోన్మెంటులో తెల్ల అధికారి ముందు నిలబడి "నేను తాగను" అనగలిగే స్థితిలో లచ్‌మన్ ఉన్నాడా? "అణా వద్దు, దోమా వద్దు" అనగలిగే స్థితిలో హుసేన్ ఖాన్ ఉన్నాడా? బేగంపేటలో రాస్ పేరిట భవనం ఉంది. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికీ ఆయన పేరే పెట్టారు. హుసేన్ ఖాన్ పేరున్న ఒక్క వార్డు కూడా నాకు కనబడలేదు.

ఒకే ఏడాది, ఒకే దేశం. సావిత్రీబాయి ఒక ఒంటిని మోసింది. రాస్ ఒక ఒంటిని వాడుకున్నాడు. వైద్యానికి రెండూ కావాల్సి వస్తాయి. సేవా కావాలి, పరిశోధనా కావాలి. పరిశోధన చేసే చెయ్యి సేవ చేసే చెయ్యి దగ్గర ఏం నేర్చుకోవాలన్నదే లెక్క.

ఐదు చేతులు మారిన థర్మామీటర్

ఇక తాకని డాక్టరు సంగతి. బాబాసాహెబ్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో ఒక సంఘటన రాశారు. 1929 డిసెంబర్‌లో ‘యంగ్ ఇండియా’లో అచ్చయిన ఉత్తరం అది. కాఠియావాడ్‌లో ఒక దళిత బడిపంతులు భార్య ప్రసవించింది. రెండు రోజులకు జబ్బుపడింది. డాక్టరు వాడలోకి రానన్నాడు. ఊరి పెద్దను బతిమాలి, ఫీజు రెండు రూపాయలు ఒప్పుకొని, బాలింతను వాడ బయటికి తెస్తేనే చూస్తానన్న షరతు మీద వచ్చాడు. వచ్చి కూడా ముట్టలేదు. థర్మామీటర్‌ను ఒక ముస్లిం చేతికి ఇచ్చాడు. ఆయన భర్తకిచ్చాడు, భర్త భార్యకిచ్చాడు. మళ్లీ అదే వరసలో అది డాక్టరు చేతికి వచ్చింది. న్యుమోనియా అన్నాడు, మందు పంపాడు. మళ్లీ చూడ్డానికి రాలేదు. ఆమె చనిపోయింది.

మెడికల్ విద్యార్థులు ఈ సంఘటనను ఒక కేస్ షీట్‌లాగా చదవాలని నా కోరిక. నాడి చూడలేదు. ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టలేదు. రోగ నిర్ధారణ మాత్రం జరిగింది, మందు కూడా రాశారు. కాగితం మీద చూస్తే "వైద్యం అందింది" అనే ఉంటుంది. అందుకే మన ఆరోగ్యం గురించి కాగితం ఏం చెబుతుందో ఎప్పుడూ రెండుసార్లు చదవాలి.

రాజ్యాంగం 17వ అధికరణతో అంటరానితనం రద్దయింది. 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం అంటరానితనం పేరుతో ఆసుపత్రిలో చేర్చుకోకపోవడాన్ని నేరం అన్నది. 1989 అట్రాసిటీ చట్టానికి తెచ్చిన సవరణలోనూ ఆసుపత్రి, పీహెచ్‌సీ ప్రవేశాన్ని అడ్డుకోవడం నేరాల జాబితాలో చేరింది. పూర్తిగా అమలైందని కాదు. కనీసం దాన్ని తప్పు అని పిలిచే మాట ఉంది, కేసు పెట్టే సెక్షన్ ఉంది.

1947: రెండు పత్రాలు

అడగని డాక్టరు సంగతికి ప్రపంచం పేరు పెట్టింది 1947లో. నాజీ శిబిరాల్లో ఖైదీల మీద ప్రయోగాలు చేసిన వాళ్ల మీద న్యూరెంబర్గ్‌లో విచారణ జరిగింది. ముద్దాయిలు 23 మంది, వాళ్లలో 20 మంది డాక్టర్లు. ఆగస్టులో ఇచ్చిన తీర్పులో పది సూత్రాలు చెప్పారు. అదే న్యూరెంబర్గ్ కోడ్. మొదటి సూత్రం: మనిషి తనంతట తాను, తెలిసి, ఒత్తిడి లేకుండా ఒప్పుకోవాలి. 1964 హెల్సింకీ ప్రకటన, మన ఐసీఎంఆర్ 1980లో మొదలుపెట్టి 2000, 2006, 2017లలో తిరగరాసిన మార్గదర్శకాలు అన్నీ ఆ దారిలో వచ్చినవే. మీ సెమినార్ స్లైడ్లలో ఇవి తప్పకుండా ఉంటాయి.

స్లైడ్లలో ఉండనిది అదే 1947లో, కోడ్ కంటే నెలల ముందు, మార్చిలో మన దేశంలో వచ్చిన ఇంకో పత్రం. షెడ్యూల్డ్ క్యాస్ట్స్ ఫెడరేషన్ తరఫున అంబేడ్కర్ రాసిన ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’. అందులో ఆయన అడిగిన ప్రశ్న సారాంశం ఇది: పని లేని మనిషి ముందు ఏదో ఒక ఉద్యోగం పెట్టి, గంటల లెక్క ఉండదు, సంఘంలో చేరకూడదు, నోరెత్తకూడదు అని షరతు పెడితే అతడు దేన్ని ఎంచుకుంటాడు? ఆకలి భయం ఉన్నవాడు హక్కును వదులుకొని కూలిని పట్టుకుంటాడు. అలాంటివాడికి ప్రాథమిక హక్కులు కాగితం మీద ఉండి ఏం లాభం?

రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవండి. సమ్మతి స్వచ్ఛందంగా ఉండాలని న్యూరెంబర్గ్ చెప్పింది. ఆకలిలో, కులంలో బతికేవాడి సమ్మతి ఎందుకు స్వచ్ఛందం కాలేదో అంబేడ్కర్ చెప్పాడు. వైద్య కళాశాలలు మొదటిది నేర్పుతాయి. రెండోది నేర్పకపోతే మొదటిది సగం పాఠమే.

తెలంగాణకు ఈ సంగతి పుస్తకాల్లో చదివితే తెలిసింది కాదు. అప్పు పత్రం మీద నిశానీ వేసి మనిషికి మనిషే కట్టుబడిపోయే భగేలా పద్ధతి ఇక్కడ ఉండేది. దాన్ని అదుపు చేస్తామని నిజాం ప్రభుత్వం 1936లో చట్టం చేయాల్సి వచ్చింది. మన తాతలు ఆ పత్రాల మీద "ఇష్టపూర్వకంగానే" వేలు పెట్టారు. వేలిముద్ర పడితే ఒప్పుకున్నట్టేనా అన్న ప్రశ్నకు మన పల్లె చరిత్ర ఎప్పుడో జవాబు చెప్పింది. చదువు రాని మనిషిని "వేలిముద్రగాడు" అని తిట్టే భాష మనది. ఆ తిట్టు వెనక ఎన్ని ఎకరాలు, ఎన్ని జీవితాలు పోయాయో భాషా చరిత్ర చదివేవాళ్లు కూడా లెక్కగట్టలేదు.

అమెరికాలో నల్లజాతి వాళ్లకూ ఇదే అనుభవం. అలబామా రాష్ట్రం టస్కెగీలో 1932 నుంచి 1972 దాకా ప్రభుత్వ ఆరోగ్య శాఖే ఒక అధ్యయనం నడిపింది. సిఫిలిస్ ఉన్న 399 మంది, లేని 201 మంది, అందరూ నల్లజాతి మగవాళ్లు. ఎక్కువ మంది పేద కౌలుదార్లు. రోగం ముదిరితే ఏమవుతుందో చూడ్డానికి పెన్సిలిన్ వచ్చాక కూడా వాళ్లకు వైద్యం ఇవ్వలేదు. పూటకు భోజనం, చనిపోతే అంత్యక్రియల ఖర్చు ఇస్తామన్నారు. ఈ కథలో మనం ఎక్కువ ఆలోచించాల్సిన మనిషి యూనిస్ రివర్స్. ఆ మగవాళ్లను ఇళ్ల నుంచి తీసుకొచ్చి, తీసుకుపోయి, నలభై ఏళ్లు వాళ్ల నమ్మకాన్ని కాపాడిన నర్సు. ఆమె కూడా నల్లజాతి మనిషే. మనోళ్లను పట్టుకోవాలంటే మనోళ్లనే ముందు పెట్టాలని వ్యవస్థకు బాగా తెలుసు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, భద్రాచలం దగ్గర మళ్లీ పనికొస్తుంది.

మేడ్చల్ టీకా

టస్కెగీ బాధితులకు అమెరికా అధ్యక్షుడు క్షమాపణ చెప్పింది 1997 మేలో. అదే ఏడాది ఆగస్టులో మన మేడ్చల్ నుంచి శాంతా బయోటెక్నిక్స్ వారి హెపటైటిస్-బి టీకా మార్కెట్లోకి వచ్చింది. అప్పటిదాకా విదేశీ టీకా ఒక్కో డోసు వందల రూపాయలు. పేదవాడి పిల్లకు అది అందని పండు. మేడ్చల్ టీకా యాభై రూపాయలకు వచ్చింది. తర్వాత పోటీ పెరిగి ధర ఇంకా దిగింది. 1999లో శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీ మొదలైంది.

ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, మన చర్చల్లో కొందరు "కంపెనీలు, టీకాలు అన్నీ కుట్రే" అని ఒక్క గీతతో కొట్టేస్తారు. అది మన మాట కాదు. టీకా అందుబాటు ధరకు దొరకడం మానవ హక్కుల సమస్యే. ఐక్యరాజ్యసమితి కమిటీ 2000లో ఆరోగ్య హక్కును వివరిస్తూ చెప్పిన నాలుగు మాటల్లో అది కూడా ఉంది. వైద్యం ఉండాలి, అందాలి, మనిషి గౌరవానికి ఒప్పేలా ఉండాలి, నాణ్యంగా ఉండాలి. ధర సంగతి రెండో మాటలోకి వస్తుంది. మేడ్చల్ చాలావరకు ఆ మాటకు జవాబిచ్చింది. మనిషి గౌరవం అన్న మూడో మాట దగ్గరే దేశం తడబడింది.

కొత్త మందు వచ్చిందంటే దాన్ని ఎవరి మీదో పరీక్షించాలి. 2005 జనవరిలో కేంద్రం నిబంధనలు సడలించింది. విదేశాల్లో ఏ దశ ప్రయోగం జరుగుతుంటే అదే దశ ఇక్కడా నడపొచ్చన్నది. దాంతో ప్రయోగాలు వెల్లువలా వచ్చాయి. సుప్రీంకోర్టులో స్వాస్థ్య అధికార్ మంచ్ వేసిన కేసులో కేంద్రమే లెక్క చెప్పింది. 2005 నుంచి 2012 దాకా ప్రయోగాల కాలంలో 2,644 మంది చనిపోయారు. వాటిలో ప్రయోగం వల్లే జరిగిన మరణాలని ఒప్పుకున్నవి 80. రోగుల మీద ప్రయోగాలు కాబట్టి మిగతా మరణాల్లో చాలా వాటికి రోగమే కారణం అయ్యుండొచ్చు. కానీ ఏది దేనివల్లో తేల్చింది ఎవరు, చనిపోయిన వాళ్ల కుటుంబాలకు ఎవరైనా చెప్పారా అన్నదే అసలు ప్రశ్న.

2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్ల నుంచి పేద ఆడవాళ్లను ఏజెంట్లు హైదరాబాద్ తీసుకొచ్చి, ఒక ప్రయోగ సంస్థలో క్యాన్సర్ మందుల పరీక్షకు వాడుకున్న సంగతి బయటపడింది. కొన్ని వేల రూపాయలు ఇచ్చారు. ఊరికి పోయాక ఒళ్లు నొప్పులు, నీరసం అని వాళ్లు ఆసుపత్రికి పోతేనే కథ తెలిసింది. కాగితాల మీద సంతకాలు, వేలిముద్రలు అన్నీ ఉన్నాయి. హుసేన్ ఖాన్‌కు అణా, వీళ్లకు వేలు. రేటు పెరిగింది, పద్ధతి మారలేదు.

భద్రాచలం: 2,763 సంతకాలు

2009 జూలై 9న అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఖమ్మం జిల్లాలో ఒక ప్రాజెక్టు మొదలుపెట్టింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఆపే హెచ్‌పీవీ టీకా. అమెరికాకు చెందిన పాత్ సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపాయి. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది, టీకా మెర్క్ కంపెనీది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు, దాదాపు 14 వేల మందికి వేశారు. గుజరాత్ వడోదరలో ఇంకో కంపెనీ టీకాతో ఇలాంటిదే నడిచింది.

ఆ పిల్లల్లో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండే కోయ పిల్లలు, దళిత పిల్లలు. 2010 మార్చిలో ‘సమ’ అనే మహిళా ఆరోగ్య సంస్థ వాళ్లు భద్రాచలం పోయి పిల్లలతో, తల్లిదండ్రులతో మాట్లాడారు. ఏ టీకా, ఎందుకు వేశారు అన్నది చాలామందికి తెలియదు. కొందరు తల్లిదండ్రులకు టీకా వేసిన సంగతే తెలియదు. మహిళా సంఘాలు గొంతెత్తాయి. ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టును ఆపేసింది.

రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. విచారణ కమిటీ ఆ మరణాలకు టీకాతో సంబంధం లేకపోవచ్చన్నది. పాము కాటు, నీళ్లలో పడడం, పురుగుల మందు, జ్వరం అని కారణాలు చెప్పింది. టీకాయే చంపిందని నేను అనడం లేదు, అనడానికి ఆధారం లేదు. కానీ టీకా వేసిన పిల్లలకు తర్వాత ఏమవుతుందో చూసే ఏర్పాటే సరిగ్గా లేదని తేలింది. చూసే కన్ను లేనిచోట "సంబంధం లేదు" అన్న మాటకు ఎంత బలం ఉంటుంది?

2013 ఆగస్టులో పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం 72వ నివేదిక ఇచ్చింది. మెడిసిన్ చదివే ప్రతి ఒక్కరూ దాన్ని చదవాలి. అందులో ఒక లెక్క ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన సమ్మతి పత్రాలు 9,543. వాటిలో వేలిముద్రలున్నవి 1,948. హాస్టల్ వార్డెన్లు సంతకం చేసినవి 2,763.

ఆ చివరి అంకె దగ్గర ఆగండి. 2,763 మంది పిల్లల ఒంటి గురించి ఒప్పుకున్నది తల్లి కాదు, తండ్రి కాదు, పిల్ల కూడా కాదు. వార్డెన్. పై నుంచి ఆదేశం వచ్చింది, వార్డెన్ సంతకం పెట్టింది. ఆమెది కూడా మన కులమో, మన పక్క కులమో అయ్యుండొచ్చు. ఉద్యోగం నిలబెట్టుకోవాల్సిన మనిషి. యూనిస్ రివర్స్‌ను గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. మన నమ్మకాన్ని మన మనిషి చేతనే ఖర్చు చేయిస్తారు. వార్డెన్‌ను తిట్టి చేతులు దులుపుకుంటే ఆదేశం ఇచ్చినవాళ్లు నవ్వుకుంటారు.

ఇది ఎలా సాధ్యమైంది? పేరు పెట్టడంలోనే కిటుకు ఉంది. దీన్ని "క్లినికల్ ట్రయల్" అనలేదు, "డెమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్ట్" అన్నారు. ట్రయల్ అంటే నష్టపరిహారం, బీమా, ప్రతి దుష్ఫలితాన్నీ నివేదించడం, ఇంత తతంగం ఉంటుంది. ప్రాజెక్టు అంటే అవేమీ అక్కర్లేదన్న లెక్క. పైగా ప్రభుత్వ ఆరోగ్య మిషన్ గుర్తు వాడారు. సర్కారు వేసే మామూలు టీకా అనుకొని జనం చెయ్యి చాపారు. ఇది మానవ హక్కుల ఉల్లంఘన అనీ, పిల్లల మీద అఘాయిత్యం అనీ స్థాయీ సంఘం తేల్చింది. పాత్ సంస్థ ఆ ఆరోపణలను ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టుకు పోయిన కల్పనా మెహతా కేసులో, పార్లమెంటు కమిటీ నివేదికను కోర్టులో వాడుకోవచ్చా అన్న ప్రశ్న రాజ్యాంగ ధర్మాసనం దాకా పోయింది. వాడుకోవచ్చని 2018 మే 9న ధర్మాసనం చెప్పింది. మన భద్రాచలం పిల్లల కేసు వల్ల దేశానికి ఒక రాజ్యాంగ సూత్రం దొరికింది.

హెచ్‌పీవీ టీకా పనికొచ్చే టీకా. ఆ క్యాన్సర్‌తో ఎక్కువగా చనిపోయేది ఆసుపత్రికి ఆలస్యంగా చేరే మన తల్లులే. సరిగ్గా అడిగి వేసుంటే ఖమ్మం పిల్లలు దేశానికి దారి చూపినవాళ్లు అయ్యేవాళ్లు. అడగకుండా వేయడం వల్ల ప్రాజెక్టే ఆగింది, టీకాకే చెడ్డపేరు వచ్చింది. 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామని కేంద్రం బడ్జెట్‌లో చెప్పేసరికి 2024 వచ్చింది. మధ్యలో పోయిన ఏళ్లకు లెక్క ఎవరు చెబుతారు? అడగడం వైద్యానికి అడ్డం అనుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి ఆలోచించాలి. అడగకపోవడమే అడ్డమైంది.

ఆ తర్వాత

కొన్ని మారాయి. 2013లో ప్రయోగాల్లో నష్టపోయినవాళ్లకు పరిహారం నిబంధన వచ్చింది. సమ్మతి తీసుకునేటప్పుడు వీడియో తీయాలని సుప్రీంకోర్టు అన్నది. 2019 మార్చిలో కొత్త క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు వచ్చాయి. వాటిలో వీడియో తప్పనిసరి అన్నది బలహీన వర్గాలవాళ్ల మీద కొత్త రసాయనాల ప్రయోగాలకు కుదించుకుపోయింది.

అప్పుడే కరోనా వచ్చింది. శామీర్‌పేట దగ్గర తయారైన కోవాగ్జిన్‌కు మూడో దశ ఫలితాలు రాకముందే, 2021 జనవరి 3న అత్యవసర అనుమతి ఇచ్చారు. భోపాల్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి నడిపిన ట్రయల్‌లో యూనియన్ కార్బైడ్ చుట్టుపక్కల బస్తీల వాళ్లు, గ్యాస్ బాధితులు కొందరు చెప్పింది విన్నాం. 750 రూపాయలు ఇస్తామన్నారు, ఇది ప్రయోగం అని మాకు తెలియదు అన్నారు. ఆసుపత్రి, కంపెనీ ఆ ఆరోపణలను ఖండించాయి. జనవరి 16న దేశంలో మొదటి టీకా ఢిల్లీ ఎయిమ్స్‌లో ఒక పారిశుద్ధ్య కార్మికుడికి వేశారు. అది గౌరవమే కావచ్చు, నేను కాదనను. మ్యాన్‌హోల్‌లో దిగేటప్పుడు మాస్కు, ఆక్సిజన్ ఇచ్చే వరసలో కూడా ఆ మనిషి మొదట ఉండాలని మాత్రం అంటాను.

పరిశోధన ఒక్కటే కాదు, మామూలు వైద్యంలోనూ ఇదే తీరు. 2022 ఆగస్టు 25న మన పక్కనే ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక్కరోజే 34 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు. ఇలాంటి క్యాంపులు మూడేళ్లలో మానేయమని సుప్రీంకోర్టు దేవికా బిశ్వాస్ కేసులో చెప్పింది 2016లోనే. లెక్క పూర్తిచేయాలన్న తొందరలో మనిషి అంకె అవుతుంది. తెల్లకోటు వేసుకునే ముందు ఆ నలుగురిని తలుచుకోండి.

మెడిసిన్ చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు

ఆసుపత్రిలో సమ్మతి పత్రం మీద సంతకం పెట్టించే పని సాధారణంగా హౌస్‌సర్జన్ మీద పడుతుంది. అంటే మీ మీద. అందుకని కొన్ని మాటలు.

1. కాగితం ముందు పెట్టి "ఇక్కడ పెట్టమ్మా" అనకండి. ఏం చేస్తున్నారో, ఎందుకో, ఏం కావచ్చో, వద్దంటే ఏమవుతుందో తెలుగులో, లంబాడీలో, కోయలో, ఉర్దూలో, ఆ మనిషి భాషలో చెప్పండి. చెప్పింది మళ్లీ ఆ మనిషి నోటితో చెప్పించుకోండి. అప్పుడే అర్థమైనట్టు.

2. పరిశోధనలో చదువు రాని మనిషి వేలిముద్ర వేస్తే పక్కన సంబంధం లేని సాక్షి ఉండాలి. నిబంధన ఉంది. సాక్షి అంటే ఆసుపత్రి ఆయా కాదు.

3. పిల్లల మీద పరిశోధన అయితే తల్లిదండ్రుల అనుమతి ఒక్కటే సరిపోదు. ఏడేళ్లు దాటిన పిల్లల ఒప్పుకోలు కూడా తీసుకోవాలని ఐసీఎంఆర్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. హాస్టల్ పిల్లలైతే వార్డెన్ సంతకంతో పని కానివ్వకండి. తల్లిదండ్రులు దూరంగా ఉన్నారంటే, వాళ్ల దగ్గరికి పోవాల్సింది పరిశోధకుడే.

4. మీ కాలేజీలో ఎథిక్స్ కమిటీ ఉంటుంది. అందులో వైద్యం తెలియని సామాన్యుడు ఒకరు ఉండాలి. ఆ మనిషి ఎవరో అడగండి. ఎప్పుడైనా "వద్దు" అన్నాడేమో కూడా అడగండి. దేశంలో జరిగే ప్రతి ట్రయల్ వివరాలు సీటీఆర్ఐలో నమోదు కావాలి. ఎవరైనా చూడొచ్చు. మీరు చూడండి.

5. "వద్దు" అన్న రోగిని తక్కువ చేయకండి. వద్దన్నా మామూలు వైద్యం ఆగదని ముందే చెప్పండి. ఆ భరోసా లేనిచోట "సరే" అన్న మాటకు విలువ లేదు.

ఈ పని మీ మీద ఎందుకు పెడుతున్నానంటే, మన వాడల నుంచి డాక్టర్లు కావడం ఇప్పుడిప్పుడే మొదలైంది. ఆసుపత్రి బల్లకు రెండు పక్కలా నిలబడిన అనుభవం మీకే ఉంది. మీ అమ్మ ఏదో ఒక కాగితం మీద, ఏముందో తెలియకుండా వేలు పెట్టి ఉంటుంది. రేపు మీ ముందుకు వచ్చే ఆమె మీ అమ్మ కాకపోవచ్చు, కానీ ఆమె వేలు కూడా అలాంటిదే. పెట్టించుకునే ముందు అడగండి. అడిగే ముందు ముట్టుకోండి, నాడి చూడండి. సావిత్రీబాయికి వారసులుగా ఉండడమంటే ఇదే.

వచ్చే భాగంలో మన మంత్రసానుల గురించి. పురుడు పోయడానికి మాత్రం అంటు లేని చేతులు అవి.

జై భీమ్.